మాగాయ జాడీ, ఏడుగురు సమురాయ్‌లు

(విజయవాడ, సత్యనారాయణపురంలో మేడమీద వాటా. దసరా నవరాత్రులు. శుక్రవారం మధ్యాహ్నం. రేపు కూతురూ అల్లుడూ హైదరాబాదు నుంచి వస్తున్నారు. అల్లుడికి బాహుబలి లాంటి యుద్ధాలంటే ప్రాణం. “మావయ్యగారూ, చైనా, జపాన్ వాళ్ళవి అలాంటి పెద్ద సినిమాలుంటే ఓ లిస్టు రాసిపెట్టండి, సెలవుల్లో చూసేస్తాను” అని ఫోన్లో అడిగాడు. సహకార బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరైన రమణారావు గారు పోయిన నెల క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి రాయడానికి కూర్చున్నారు. శేషారత్నం గారు ఎదురుగా గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీస్తున్నారు. ఇంకొక్క సంగతి. మంగళవారం ఈ ఇంట్లో మాగాయ జాడీ పగిలింది. ఎలా పగిలిందో ఇంకా తేలలేదు.)

రమణారావు: ఒకటి. సెవెన్ సమురాయ్. 1954. జపాన్. కురొసావా తీసింది.

శేషారత్నం: కొట్టేయండి.

రమణారావు: ఇంకా సిరా కూడా ఆరలేదే!

శేషారత్నం: ఎంతసేపు ఆ సినిమా?

రమణారావు: ఎంతో కాదు. 207 నిమిషాలు.

శేషారత్నం: గంటల్లో చెప్పండి.

రమణారావు: మూడున్నర గంటలకు మూడు నిమిషాలు తక్కువ.

శేషారత్నం: పండక్కొచ్చిన అల్లుణ్ణి అంతసేపు బ్లాక్ అండ్ వైట్‌లో కూర్చోబెడతారా? పిల్లాడు తెల్లారేసరికి టికెట్లు మార్పించుకుంటాడు.

రమణారావు: నీకు తెలియదు శేషూ. అది పైకి యుద్ధం సినిమా, లోపల వ్యవసాయం సినిమా. పంట చేతికొచ్చే వేళకు బందిపోట్లు వస్తారని ఊరికి ముందే తెలుస్తుంది. కాపలాకి సమురాయ్‌లను, అంటే వాళ్ళ కత్తివీరుల్ని, పెట్టుకుందామంటే రైతుల దగ్గర డబ్బేది? బియ్యమే జీతం. తాము చిరుధాన్యాలు తిని వాళ్ళకు తెల్లన్నం పెడతారు. ముప్ఫయ్యేళ్ళు పంట రుణాలు రాసిన చెయ్యి ఇది. ఆ అన్నం ముద్ద చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

శేషారత్నం: అతను పంట రుణం అడగలేదు. ఫైటింగులు అడిగాడు.

రమణారావు: ఉన్నాయిగా! ఆఖరి యుద్ధం కుండపోత వానలో, మోకాలి లోతు బురదలో. ఏడుగురిలో నలుగురు పోతారు. ఆ నలుగురిలో ఒక్కడూ కత్తికి పోడు. అందరూ తుపాకీ గుండుకే. జీవితమంతా కత్తి నేర్చుకున్నవాణ్ణి ఎక్కడో నక్కిన బందిపోటు కాల్చి పారేస్తాడు. చివర్లో రైతులు పాట పాడుకుంటూ నాట్లు వేసుకుంటుంటే మిగిలిన ముగ్గురూ సమాధుల దగ్గర నిలబడి చూస్తారు.

శేషారత్నం: మొత్తం చెప్పేశారుగా, ఇంక అతనేం చూస్తాడు?

రమణారావు: నేను చెప్పింది నీకు.

శేషారత్నం: నాకు చెబుతూనే ఉన్నారు, పెళ్ళయిన దగ్గర్నుంచీ. ఒకటో నెంబరు హీరో అని రాయండి. 2002. ఝాంగ్ యిమౌ తీసింది. జెట్ లీ, టోనీ లియాంగ్, మ్యాగీ చుంగ్. రెండు గంటలు కూడా ఉండదు, అతని నిద్రా చెడదు.

రమణారావు: అది సినిమానా? చీరల కొట్టు. ఒక సీనంతా ఎరుపు, ఒక సీనంతా నీలం, ఇంకో సీనంతా ఆకుపచ్చ.

శేషారత్నం: మీకు రంగులు తెలిస్తే నా పెళ్ళిచీర పసుపు అని ఎందుకంటారు? అది లేత గంధం రంగు. ఆ ఎర్రచీరల ఆడవాళ్ళిద్దరూ పసుపు ఆకులు రాలుతుంటే కత్తులు దూసుకుని తిరగడం, ఒకామె కూలిపోగానే ఆ పసుపు ఆకులన్నీ ఎర్రబడిపోవడం! ఆ ఎరుపు ఎక్కడ నేశారోనని మూడు రోజులు ఆలోచించాను.

రమణారావు: కథ ఏమైనా గుర్తుందా, నేతే గుర్తుందా?

శేషారత్నం: కథ కాబట్టే చూడమంటున్నాను. ఒకడు రాజు దగ్గరికొచ్చి మీ శత్రువులు ముగ్గుర్నీ చంపానంటాడు. ఎలా చంపావయ్యా అంటే ఓ కథ చెబుతాడు. అది ఎరుపు. రాజు నమ్మడు. ఇలా జరిగుంటుందని తను ఓ కథ అల్లుతాడు. అది నీలం. అసలు జరిగింది చివర్న బయటికొస్తుంది. అది తెలుపు. మన అమ్మవారికి మూలా నక్షత్రం రోజున కట్టే తెల్లచీర లాంటి తెలుపు.

రమణారావు: సరే, రాశాను. రెండు…

శేషారత్నం: ఆగండి. మీరూ మంగళవారం నుంచీ ఇదే సినిమా చూపిస్తున్నారు నాకు. ఎరుపు కథ: పిల్లి దూకి జాడీ పగిలింది. మేడమెట్ల తలుపు గడియ వేసే ఉంది, పిల్లి ఎటు నుంచి వచ్చింది? నీలం కథ: గ్యాస్ కుర్రాడి భుజం తగిలింది. బండ వచ్చింది అంతకు ముందు శుక్రవారం, పుస్తకంలో రాసి ఉంది. మా అమ్మ తెనాలి నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన జాడీ అది. ఇంక తెలుపు కథ మిగిలింది.

రమణారావు: (కళ్ళజోడు తీసి తుడుస్తూ) లిస్టు రాయమన్నది అల్లుడు. పోలీసు స్టేషన్ కాదు.

శేషారత్నం: ఆ సినిమాలో తన ముందున్న దీపాల మంటలు వణకడం చూసి ఎదుటివాడి మనసులో ఏముందో రాజు పట్టేస్తాడు. నాకు దీపాలక్కర్లేదు. మీరు కళ్ళజోడు తీస్తే చాలు.

(రమణారావు గారు గబగబా కళ్ళజోడు పెట్టుకున్నారు. తుడిచిన వేలిముద్ర అద్దం మీద అలాగే ఉంది.)

రమణారావు: రెండు. క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్. 2000. ఆంగ్ లీ. నాలుగు ఆస్కార్లు. ఇది నీ కోసం రాస్తున్నాను, నాకైతే ఇష్టం లేదు. తీగలు కట్టి వెదురు కొమ్మల మీద ఎగరేశారు మనుషుల్ని. మా కాంతారావు కత్తి పడితే కాళ్ళు నేల మీదే ఉండేవి. రాజనాల కూడా నేల మీదే చచ్చేవాడు.

శేషారత్నం: ఆంజనేయస్వామి సముద్రం దాటాడంటే తీగలెక్కడున్నాయని అడిగారా ఎప్పుడైనా? అయినా నాకందులో ఎగరడం ముఖ్యం కాదు. మిషెల్ యో ముఖ్యం. అందులో హీరో అంటే ఆవిడకిష్టం, ఆవిడంటే ఆయనకిష్టం. ఏళ్ళ తరబడి ఇద్దరూ నోరు విప్పరు. ఆయన ఎప్పుడు విప్పాడు? విషపు సూది దిగి, ఊపిరి పోయేముందు! అంతటి కత్తివీరుడు, ఒక్క మాట దూయడానికి అంత కాలం పట్టింది.

రమణారావు: మగవాళ్ళు అలాగే ఉంటారే.

శేషారత్నం: జాడీ విషయంలో అంత కాలం నేను ఆగను. ఆ సూది వదిలిన ముసలావిడ ఎవరో తెలుసా?

రమణారావు: తెలియకేం. చెంగ్ పెయ్ పెయ్. 1966లో కమ్ డ్రింక్ విత్ మీ అనే సినిమాలో కత్తి తిప్పిన కుర్రదే, ముప్ఫై నాలుగేళ్ళ తరవాత ఈ వేషం వేసింది.

శేషారత్నం: చూశారా, మన దగ్గర హీరోయిన్‌కి వయసు వస్తే అత్త వేషమిచ్చి చేతిలో కాఫీ గ్లాసు పెడతారు. వాళ్ళు విషపు సూదులిచ్చారు. ఎంత గౌరవం!

రమణారావు: తీగల్లేనిది ఒకటి రాస్తున్నాను, కాదనకు. ఓంగ్ బాక్. 2003. థాయిలాండ్. ఊళ్ళో బుద్ధ విగ్రహం తల ఎవడో నరికి ఎత్తుకుపోతే టోనీ జా వెతుక్కుంటూ బ్యాంకాక్ వెళతాడు. తీగల్లేవు, గ్రాఫిక్స్ లేవు. మోచెయ్యి, మోకాలు, అంతే.

శేషారత్నం: దేవుడి కోసం కొట్టుకుంటాడు కాబట్టి నవరాత్రుల్లో ఫరవాలేదు. రాయండి.

రమణారావు: ఇండోనేషియాది, ది రెయిడ్, 2011. వాళ్ళ సిలాట్ పోరువిద్య…

శేషారత్నం: ఒక మేడ నిండా రౌడీలు, మెట్టు మెట్టుకీ నెత్తురు. అదేనా? పండగ వెళ్ళాక చూసుకోమనండి, వాళ్ళింట్లో.

రమణారావు: మంచి సినిమానే.

శేషారత్నం: మంచిదే. నేను మాత్రం ఆ తరవాత రెండు రోజులు బీట్‌రూట్ తరగలేకపోయాను.

(ఇక్కడ షావొలిన్ అనే చైనా కుంగ్ ఫూ మఠం సినిమా మీద పావుగంట వాదన జరిగింది. 1978 నాటి ది థర్టీసిక్స్‌త్ ఛాంబర్ ఆఫ్ షావొలిన్‌లో కథానాయకుడు చేతులు బారజాపి నీళ్ళ బాల్చీలు మోస్తాడు. చేతులు దించితే కింద కట్టిన కత్తులు పొడుచుకుంటాయి. కుళాయి నీళ్ళు వచ్చే వేళ ఈ పద్ధతి మన ఇంట్లో కూడా పెడితే బాల్చీ సగం ఒలకబోసుకుంటూ రారని శేషారత్నం గారు. చివరికి ఆ సినిమా లిస్టులోకి ఎక్కింది. బాల్చీ సంగతి వాయిదా పడింది.)

శేషారత్నం: బాహుబలి చూసిన పిల్లాడికి అసలు రాయవలసింది మర్చిపోయారు. రెడ్ క్లిఫ్.

రమణారావు: అవునవును! జాన్ వూ. 2008లో ఒక భాగం, 2009లో రెండోది. చైనాలో మూడు రాజ్యాల కాలానికి కాస్త ముందు, నది మీద ఓడల యుద్ధం. మన పల్నాటి యుద్ధాన్ని కృష్ణలో ఓడల మీద చేసినట్టుంటుంది.

శేషారత్నం: ఓడలు సరే, బాణాలు చెప్పండి. మూడు రోజుల్లో లక్ష బాణాలు కావాలి. వీళ్ళ వ్యూహకర్త గడ్డి నింపిన పడవలు పొగమంచులో శత్రువుల వైపు పంపిస్తాడు. వాళ్ళు కంగారుపడి బాణాలు వేసేస్తారు. గడ్డికి గుచ్చుకున్న బాణాలన్నీ తెచ్చుకుంటాడు. పక్కింట్లో పంచదార అప్పు తెచ్చి తిరిగివ్వకపోవడంలో ఇంత తెలివి ఉందని నేనెప్పుడూ అనుకోలేదు.

రమణారావు: అంత యుద్ధంలో నీకు పంచదారే కనపడిందా?

శేషారత్నం: టీ కూడా కనపడింది. వీళ్ళ సేనాపతి భార్య ఒక్కతే శత్రువు గుడారంలోకి వెళ్ళి, టీ కాచే మర్యాదలతో వాణ్ణి కూర్చోబెట్టేస్తుంది. ఈలోగా గాలి తిరుగుతుంది. ఎనిమిది లక్షల సైన్యం అన్నవాణ్ణి ఒక టీ గిన్నె ఆపింది.

రమణారావు: ఇంట్లో నాలుగింటికి రావలసిన టీ నాలుగున్నరకొచ్చినా నేను ఆగుతున్నాగా. అలాగే.

శేషారత్నం: ఇంకేమిటి?

రమణారావు: కుంగ్ ఫూ హజిల్. 2004. స్టీఫెన్ చౌ.

శేషారత్నం: ఎందుకో అది?

రమణారావు: నవ్వుకోవడానికి. అందులో ఒక హౌస్ ఓనరమ్మ ఉంటుంది. జుట్టుకి రోలర్లు, నోట్లో సిగరెట్టు. ఆవిడ గొంతు చించుకుంటే కిటికీ అద్దాలు పగులుతాయి, గూండాల బట్టలు చిరుగుతాయి. మొగుణ్ణి పై అంతస్తు కిటికీలోంచి విసిరేస్తుంది. పడ్డాక నెత్తి మీద పూలకుండీ కూడా పడుతుంది. నాకెందుకో ఆ మొగుడంటే చాలా…

శేషారత్నం: ఆ మొగుడు కూడా పెద్ద వీరుడే. పాపం, ఇంట్లో మాత్రం జాడీలు పగలగొట్టలేదు.

రమణారావు: అబ్బా, మళ్ళీ జాడీయా! ఆఖరిది రాసేసి లేస్తాను. ది ట్విలైట్ సమురాయ్. 2002. యోజి యమడ. ఇది మాత్రం నాది. ఇందులో సమురాయ్ అంటే గుర్రమెక్కినవాడు కాదు శేషూ, గుమాస్తా! ధాన్యం కొట్లో లెక్కలు రాస్తాడు. భార్య పోయింది, ఇద్దరు ఆడపిల్లలు, మతిమరుపు తల్లి, నెత్తిన అప్పు. పొద్దుగూకగానే ఎక్కడికీ పోకుండా ఇంటికెళ్ళిపోతాడని తోటివాళ్ళు ‘సంధ్య’ అని వెక్కిరిస్తారు.

శేషారత్నం: మీరైతే ఐదింటికి బ్యాంకులో లేచి ఎనిమిదింటికి ఇంటికొచ్చేవారు. మధ్యలో గాంధీనగర్ సినిమా హాళ్ళుండేవి.

రమణారావు: విను! ఒకడు కత్తి దూసి మీదికొస్తాడు. మనవాడి చేతిలో కత్తి లేదు. పొట్టి కర్ర. ఉత్త కర్ర! వాడు ఇలా వస్తే, ఇతను ఇలా పక్కకు ఒరిగి, మోకాలు వంచి, ఇలా చేయి తిప్పాడంటే… వాడు నేల మీద! నా ఒళ్ళు ఝల్లుమంది.

(పెన్ను ఎగిరి చిక్కుళ్ళ పళ్ళెంలో పడింది. శేషారత్నం గారు దాన్ని తీసి తుడిచి పక్కన పెట్టారు.)

శేషారత్నం: ఈ సినిమా మీరెప్పుడు చూశారు?

రమణారావు: మొన్న… ఎప్పుడో.

శేషారత్నం: సోమవారం నేనింట్లో ఉన్నాను, టీవీ నా దగ్గరుంది. బుధవారం కేబుల్ లేదు, నెట్ లేదు. నిన్న మీకు తలనొప్పి. మంగళవారం మధ్యాహ్నం నేను కింది వాటా వాళ్ళతో లలితా పారాయణకు వెళ్ళాను. వెళ్తూ వెళ్తూ మీకొక పని చెప్పాను. ఏమిటది?

రమణారావు: …బూజు దులపమన్నావు.

శేషారత్నం: దేంతో?

రమణారావు: (కళ్ళజోడు మీదికి చెయ్యి వెళ్ళి, మధ్యలో ఆగి) కర్రతో.

శేషారత్నం: తెలుపు కథ చెప్పండి.

రమణారావు: సినిమా అయిపోయింది. సరే, పని మొదలుపెడదామని బూజుకర్ర తీశాను. ఇంట్లో ఎవరూ లేరు. చేతిలో కర్ర ఉంది. నేనూ గుమాస్తానే కదా అనిపించింది. ఎదురుగా వాడు కత్తి దూసి వచ్చాడు.

శేషారత్నం: ఎటు నుంచి వచ్చాడు?

రమణారావు: మాగాయ జాడీ వైపు నుంచి.

శేషారత్నం: మీరు ఒరిగి, మోకాలు వంచి…

రమణారావు: చెయ్యి తిప్పాను.

శేషారత్నం: మరి దెబ్బ వాడికి తగల్లేదా?

రమణారావు: వాడు తప్పుకున్నాడు.

(కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. కింది వాటాలో కుక్కర్ మూడు కూతలు కూసింది. శేషారత్నం గారు చిక్కుళ్ళ పళ్ళెం పక్కన పెట్టి, కొంగు దోపుకుని లేచి, మూల నిలబెట్టిన బూజుకర్ర చేతిలోకి తీసుకున్నారు. రమణారావు గారు కుర్చీ వెనక్కి చేరారు.)

రమణారావు: శేషూ, పండగ పూట…

శేషారత్నం: మీరు పట్టుకునే పద్ధతే తప్పు. మోచెయ్యి అలా బయటికి తేలేస్తే జాడీ కాదు, టీవీ పగులుతుంది. అతను మోచెయ్యి ఒంటికి ఆనించి ఉంచుతాడు. కదిలేది మణికట్టు.

రమణారావు: నీకెలా తెలుసు?

శేషారత్నం: రెండుసార్లు చూశాను, మీరు పెన్షనర్ల మీటింగుకి వెళ్ళినప్పుడు. కాస్త అలా జరగండి, చూపిస్తాను.

(కర్ర ఎత్తారు. మోకాలు వంచారు. ఆగారు.)

శేషారత్నం: ముందు ఆ ఆవకాయ జాడీ తీసుకెళ్ళి లోపల పెట్టి రండి.