1798 దాకా ఇంగ్లిష్‌లో అందరూ పడుకుని ఉన్నారా?

ఇంగ్లిష్ రొమాంటిక్ కవిత్వం, అంటే ప్రకృతినీ సొంత భావాలనీ పాడుకునే కవిత్వం, ఎప్పుడు మొదలైందని ఎంఏ ఇంగ్లిష్ చదివిన ఎవరినైనా అడిగి చూడండి, నిద్రలో లేపి అడిగినా 1798 అనే చెప్తారు. వర్డ్స్‌వర్త్, కోలరిడ్జ్ అనే ఇద్దరు కవులు కలిసి లిరికల్ బాలడ్స్ అనే కవితల పుస్తకం వేశారు, యుగం మొదలైంది, అంతే సంగతి. గైడుల్లో అదే, కోచింగ్ వీడియోల్లో అదే. మన భావకవులకు ప్రేరణ ఎవరని రాసేటప్పుడూ మళ్లీ ఆ నలుగురైదుగురు మగాళ్ల పేర్లే తిరుగుతుంటాయి.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. అంతకు 14 ఏళ్ల ముందే, 1784లో, షార్లెట్ స్మిత్ అనే ఆవిడ ఎలిజియాక్ సానెట్స్ (శోకం నిండిన పద్నాలుగు పంక్తుల కవితలు) అని ఓ చిన్న పుస్తకం వేసింది. అదీ ఎలాంటి పరిస్థితుల్లో అనుకున్నారు? పదిహేనేళ్లకే పెళ్లి, మొత్తం పన్నెండు కాన్పులు, మొగుడేమో అప్పులు తీర్చలేక లండన్‌లో కింగ్స్ బెంచ్ జైల్లో ఉన్నాడు, ఈవిడ కూడా కొన్నాళ్లు అక్కడే అతనితో గడిపింది. ఆ రోజుల్లో సొంత ఖర్చుతో సానెట్లు అచ్చు వేయించింది, డబ్బు కోసమే. అదే ఏడాది రెండో ముద్రణ కూడా వచ్చింది. ముఖపత్రం మీద తన పేరు పక్కన బిగ్నర్ పార్క్ అని పుట్టింటి ఎస్టేట్ పేరు వేసుకుంది చూడండి, అది నాకు భలే నచ్చుతుంది. మేము ఎవరమో తెలుసా అన్నట్టు.

1789లో అయిదో ముద్రణ వచ్చింది. అది కొన్నవాళ్లలో కేంబ్రిడ్జ్‌లో చదువుకుంటున్న ఓ కుర్రాడున్నాడు, పేరు విలియం వర్డ్స్‌వర్త్. 1791లో ఫ్రాన్స్ వెళ్తూ బ్రైటన్‌లో ఆగి మరీ ఆవిడను కలిశాడు, ఫ్రాన్స్‌లో ఉన్నవాళ్లకు ఆవిడ చేత పరిచయ ఉత్తరాలు రాయించుకుని వెళ్లాడు. కోలరిడ్జ్ అయితే 1796లోనే, ఈ తరం ఇంగ్లిష్ వాళ్లలో సానెట్‌కు ఆదరణ తెచ్చింది షార్లెట్ స్మిత్, బౌల్స్ అనే మరో కవి, ఈ ఇద్దరేనని రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. ముసలితనంలో వర్డ్స్‌వర్త్ కూడా, ఇంగ్లిష్ కవిత్వం ఈవిడకు ఎంత రుణపడి ఉందో ఎవరూ ఒప్పుకోరు, గుర్తూ పెట్టుకోరు అనే అర్థం వచ్చేలా రాశాడు. మరి ఆయనే చెప్పాక మన సిలబస్‌కు అభ్యంతరం ఏంటండీ?

అభ్యంతరం ఏంటంటే, ఏడుపుగొట్టు కవిత్వమట. అప్పట్లోనూ ఇదే మాట. కొంచెం హుషారుగా రాయొచ్చు కదా అని ఓ స్నేహితుడు సలహా ఇచ్చాడని 1792 నాటి ముందుమాటలో ఆవిడే రాసింది, దానికి ఇచ్చిన జవాబు చదివి తీరాలి. దుఃఖంలో ఉన్నాను కాబట్టి దుఃఖంగా రాశాను, కారణం అలాగే ఉంటే ఫలితం ఎలా పోతుంది అంది. ఆ కారణం ఊహల్లోది కాదు. 1776లో పోయిన మామగారు మనవలకని ఆస్తి రాశాడు, కానీ వీలునామా గందరగోళంగా ఉండటంతో కోర్టు వ్యవహారం 1813 దాకా సాగింది, ఈవిడ 1806లోనే పోయింది. 1787లో మొగుణ్ణి వదిలేసి వచ్చి, వరసపెట్టి నవలలు రాసి పిల్లల్ని పెంచింది, ఆ సంపాదన మీద కూడా చట్టప్రకారం హక్కు మొగుడిదే! ఇంకో సంగతి, వర్డ్స్‌వర్త్ అచ్చులో చూసుకున్న మొట్టమొదటి కవిత, 1787లో, హెలెన్ మరియా విలియమ్స్ అనే మరో కవయిత్రి కన్నీళ్లు పెట్టుకోవడం చూసినట్టు రాసిన సానెట్. ఆయన్ని మాత్రం ఎవరూ ఏడుపుగొట్టు అనరు.

అలాగని ఆవిడను దేవతను చేయనక్కర్లేదు. ఆ కోర్టులో నలిగిన ఆస్తిలో బార్బడోస్ అనే కరీబియన్ దీవిలోని తోటలున్నాయి, అంటే బానిసల చెమట. స్వేచ్ఛ గురించి రాసిన మనిషే పిల్లల కోసం ఆ డబ్బుకు ఎదురు చూసింది. ఇది కూడా పాఠంలో ఉండాలి.

ఇక కవిత్వం సంగతికొస్తే, మిడిల్‌టన్ చర్చి శ్మశానం మీద రాసిన సానెట్ ఒక్కటి చదవండి చాలు. ససెక్స్ తీరంలో సముద్రం ఏటా నేలను కోసుకుంటూ వచ్చి సమాధులను బద్దలు కొడుతుంది, ఊరివాళ్ల ఎముకలు గవ్వలతో, నాచుతో కలిసి ఒడ్డున తెల్లగా పడి ఉంటాయి, పైన గాలి ఎంత అరిచినా వాళ్లకు వినపడదు. దాన్ని చూస్తున్న మనిషికి భయం వేయదు, అసూయ కలుగుతుంది. ఆ చివరి రెండు పంక్తుల దగ్గర నాకు ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది. పైగా ఇది కల్పన కాదని, శ్మశానం చుట్టూ ఉన్న గోడ మొత్తం కొట్టుకుపోయిందని కింద నోట్ కూడా పెట్టింది. ప్రకృతి అంటే పూలూ సెలయేళ్లూ అనుకునేవాళ్లు ఈ సముద్రాన్ని ఎక్కడ పెడతారో చెప్పాలి.

ఈ పోస్ట్ చదివేవాళ్లలో బోర్డ్ ఆఫ్ స్టడీస్ మెంబర్లు ఎవరైనా ఉంటే, వచ్చేసారి సిలబస్ మార్చేటప్పుడు ఈ ఒక్క సానెట్ పెట్టండి సార్. పద్నాలుగు పంక్తులే, అరపేజీ కూడా పట్టదు.