తెర మీద తిరిగే సున్నా గారికి

విశాఖపట్నం

మహారాజశ్రీ సున్నా గారికి,

ఉభయకుశలోపరి. నేనిక్కడ క్షేమం. మీ క్షేమం అడగనక్కరలేదు. వీడియో పాఠం ఎప్పుడు తెరిచినా తెర నడిమధ్యన నిక్షేపంగా గిర్రున తిరుగుతూ దర్శనమిస్తూనే ఉన్నారు.

డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పే మేడమ్‌ని. 2020 మార్చిలో కళాశాలలు మూతపడినప్పుడు మన పరిచయం ముదిరింది. అంతకు ముందు మీరు సినిమా మధ్యలో వచ్చి పోయే చుట్టం. ఆ తర్వాత పెట్టే బేడా తెచ్చుకుని మకాం వేశారు. కరోనా వెళ్లింది, మీరు వెళ్లలేదు. తరగతి తలుపులు తెరిచాక కూడా కొంత పాఠం ఆన్‌లైన్‌లోనే చెప్పమన్నారు, ప్రయోగశాలను సైతం అందులోకే ఎక్కించారు. వర్చువల్ ల్యాబ్ అయితే గాజు సామాను పగలదు, దుమ్ము దులపడానికి మనిషి అక్కరలేదు, కరెంటు బిల్లు పిల్లల ఇళ్లకే పోతుంది.

మీ వంశం గొప్పదే, కాదనను. టిమ్ బెర్నర్స్-లీ 1989లో వెబ్‌ను ప్రతిపాదించింది జెనీవా దగ్గరి భౌతికశాస్త్ర పరిశోధనాలయం సెర్న్‌లో, దేశదేశాల పరిశోధకులు ఒకరి సమాచారం ఒకరు చూసుకోవడానికి. అంటే మీరు పుట్టింది మా భౌతికశాస్త్రం వాళ్ల ఇంట్లోనే. మిమ్మల్ని తిట్టినప్పుడల్లా సొంత మేనల్లుణ్ణి తిట్టినట్టు ఉంటుంది నాకు.

ఇంటర్నెట్ వల్ల మేలు జరగలేదని కూడా అనను. ఐఐటీల పాఠాలు ఉచిత వీడియో పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో 2003 నుంచి పోగుపడుతున్నాయి, 2017లో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం వచ్చింది. పాడేరు పిల్ల పెద్ద ఆచార్యుల నోట క్వాంటం యాంత్రికశాస్త్రం వినగలుగుతోంది. వాళ్లు నాకంటే బాగా చెబుతారు. ఒప్పుకోవడానికి నాకు నామోషీ లేదు. కొంచెం ఉంది, అది వేరే విషయం.

మీరెవరో పిల్లలకు ఒకసారి ఆన్‌లైన్ తరగతిలో వివరించబోయాను. కుళాయి పొద్దున కాసేపు వస్తుంది. డ్రమ్ములో పట్టుకుని రోజంతా వాడుకుంటాం. వీడియో సంగతీ అంతే. ముక్కలు ముక్కలుగా వచ్చే సమాచారాన్ని ముందు ఒక తొట్టిలో నింపుకుని, అందులోంచి మనకు వదులుతుంది. వచ్చే ధార కంటే వాడకం ఎక్కువైతే తొట్టి అడుగు కనబడుతుంది. ఆ అడుగే ఈ సున్నా అని చెప్పి, "అర్థమైందా?" అన్నాను. అరవై పేర్లున్న తెర మీద ఒక్కరూ పలకలేదు. ఐదు నిమిషాలకు ఒకడు రాశాడు: "మేడమ్, కుళాయి దగ్గర ఆగిపోయింది."

మొన్న సముద్రం రంగు మీద పాఠం వచ్చింది. సి.వి. రామన్ బడి చదువు ఈ ఊళ్లోనే సాగింది. ఆయన 1921లో ఓడ మీద తిరిగి వస్తూ, సముద్రానికి ఆ నీలం ఎక్కడిదని నికోల్ పట్టకం (కాంతిని ఒకే తలంలో కంపించేలా వడకట్టే స్ఫటికం) పట్టుకుని పరీక్షించారు. మా కళాశాల నుంచి ఆర్కే బీచ్ ఆటోలో పది నిమిషాలు. అయినా పాఠ్యప్రణాళిక ప్రకారం సముద్రాన్ని వీడియోలోనే చూశాం. నీలం మధ్యలో, సరిగ్గా సూర్యోదయమయ్యే చోట, మీరు ఉదయించారు.

ఇప్పుడు అసలు గొడవకు వస్తాను. లఘులోలకం, అంటే దారానికి వేలాడదీసి ఊపే గుండు. మా పాత ప్రయోగశాలలో పిల్లలు దానితో g (భూమి లాగితే వస్తువుకు వచ్చే త్వరణం) కడితే ఒకరికి 9.6 వచ్చేది, ఒకరికి 10.2. ఫ్యాను గాలికి లోలకం దారి తప్పి గుండ్రంగా తిరిగేది. దారం సాగేది. పొడవును గుండు మధ్య వరకు కొలవాల్సింది పోయి కొక్కెం వరకే కొలిచి వదిలేసేవారు. ఆ తప్పు ఏ సందులోంచి దూరిందో వెతుక్కోవడమే ఆ రెండు గంటల పని. 9.8 నుంచి వెనక్కి లెక్కగట్టి రీడింగులు వండేవాళ్లూ ఉండేవారు. మేమూ వండాం. ఆ వంటకైనా సూత్రం కంఠతా రావాలి.

మేము వాడుతున్న వర్చువల్ లోలకానికి ఫ్యాను లేదు, కొక్కెం లేదు. ఎవరు ఊపినా, నిద్రమత్తులో ఊపినా, 9.81. ముచ్చటగానే ఉంది గానీ, విశాఖలో g అంత లేదండీ. మనం భూమధ్యరేఖకు ఉత్తరంగా పదిహేడున్నర డిగ్రీల పైచిలుకులో ఉన్నాం. భూమి నడుము దగ్గర కాస్త లావు. పైగా ధ్రువాల వైపు కంటే ఇటు గిరగిరా తిరిగే వేగం ఎక్కువ. అందుకని ఇక్కడ లెక్క ప్రకారం 9.785 దరిదాపుల్లో ఉంటుంది. 9.81 అనేది పారిస్, లండన్‌ల సొత్తు. మా పిల్లలు గాజువాకలో మంచం మీద కూర్చుని పారిస్ గురుత్వాకర్షణను కొలిచి రికార్డులో రాసుకొచ్చారు. అందరికీ పదికి పది.

(మీటరు పొడవు లోలకాన్ని ఇరవైసార్లు ఊపితే ఈ తేడా సెకనులో ఇరవయ్యో వంతు. మా స్టాప్‌క్లాకుకు అది చిక్కదని నాకూ తెలుసు. చిక్కదని పిల్లలకు తెలియాలనే నా ఏడుపు.)

న్యూటన్ వలయాల సంగతి మీకు చెప్పాలా, మీ బంధువర్గమే. గాజు పలక మీద కటకం పెట్టి కాంతి పంపితే కనబడే వెలుగు చీకటి చుట్లవి. సోడియం దీపం వేడెక్కే దాకా ఓపిక పట్టి, సూక్ష్మదర్శినిలో కన్ను పెడితే, నల్లగా ఉండాల్సిన నడిమి చుక్క తెల్లగా వెక్కిరించేది. కటకం కింద దుమ్ము. తుడిచి మళ్లీ మొదలు. వర్చువల్ వలయాలకు దుమ్ము పట్టదు.

మీకు అన్యాయం చేయకూడదు గనుక ఇది కూడా రాస్తున్నాను. ఒక రోజు లోలకం లింకు ఎవరికీ తెరుచుకోలేదు. అందరి తెరల మీదా మీరే. నా గొంతు మాత్రం వెళ్తోంది. విసుగెత్తి, "ఎలాగూ తిరుగుతోందిగా, ఇరవై చుట్లకు ఎంత సేపు పడుతుందో చూడండి" అన్నాను. ఫోను పాఠానికే సరిపోయింది కనుక ఒకమ్మాయి నాన్నగారి చేతి గడియారం తెచ్చుకుంది. ఒకడు గోడ గడియారం కింద నిలబడ్డాడు. ఒకరికి 27 సెకన్లు, ఇంకొకరికి 19. అమ్మాయికి మూడుసార్లు మూడు రకాలు. మొదటిసారి సున్నా నుంచి కాకుండా ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టి ఒక చుట్టు పోగొట్టుకుందని తనే కనిపెట్టి చెప్పింది. ఫోను ఫోనుకూ మీ వేగం వేరా, మా చేతులే ఆలస్యమా అని వాదించుకున్నారు. ఏడాదిగా నోరు మెదపని పెదజాలరిపేట కుర్రాడు మైకు తెరిచి, "మేడమ్, ఇది సమ వృత్తాకార చలనం కాదు. పైన మెల్లగా, కింద వేగంగా తిరుగుతోంది. కోణీయ త్వరణం ఉంది" అన్నాడు. చూశాను. నిజమే. రెండేళ్లుగా మీ ముఖం చూస్తూ నేను గమనించనే లేదు.

2025 అక్టోబరులో గూగుల్ మా ఊళ్లో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెట్టి కృత్రిమ మేధ కేంద్రం కడతామని ప్రకటించింది. సముద్రం అడుగు నుంచి వచ్చే కేబుళ్లు మా తీరానికే చేరతాయట. ఇక మీ ఉద్యోగం ఊడినట్టేనని తోటి అధ్యాపకులు సంబరపడుతున్నారు. పెద్ద పైపు వీధిలోనే ఉన్నా మూడో అంతస్తుకు నీళ్లెక్కవని ఈ ఊరివాళ్లకు ఒకరు చెప్పాలా? మీరు నిశ్చింతగా తిరగండి.

ఆ రోజు రీడింగులన్నీ పిల్లలు శ్రద్ధగా పట్టిక గీసి, సగటు కట్టి, తప్పులకు కారణాలతో సహా పంపారు. మార్కులు ఎక్కించబోతే ఆ ప్రయోగం పేరు పోర్టల్ జాబితాలో లేదు. ఆ వారం లోలకం ఎందుకు చేయలేదని అడుగుతూ ఎర్ర గడి ఒకటి వచ్చింది. ఖాళీ వదిలితే ముందుకు కదలనంటుంది. చివరికి అరవైమందికీ మీ పేరే వేశాను.

ఇట్లు,
భౌతికశాస్త్రం మేడమ్