సీహార్స్‌ను ముంచుతున్నది అడుగు ఊడ్చే వల

గుర్రపు తలలాంటి తల ఉన్న చిన్న సముద్రపు చేప సీహార్స్. దాన్ని పట్టడం, అమ్మడం మన దేశంలో 2001 నుంచీ నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న షెడ్యూల్‌లోనే దానికీ చోటిచ్చారు. అయినా పాక్ అఖాతంలో, మన్నార్ సింధుశాఖలో ట్రాల్ వలలకు అది చిక్కుతూనే ఉంది. ఆ వల దానికోసం వేసింది కాదు మరి. రొయ్యల కోసం సముద్రం అడుగంతా ఊడ్చుకొస్తుంది.

కెనడా శాస్త్రవేత్త అమాండా విన్సెంట్ జీవితమంతా ఈ చిక్కుముడి చుట్టూనే తిరిగింది. సీహార్స్‌లను నీళ్లలోకి దిగి అధ్యయనం చేసిన తొలి జీవశాస్త్రవేత్త ఆమె. ఆడదీ మగదీ రోజూ పొద్దున్నే కలుసుకుని, రంగులు మార్చుకుంటూ, తోకలు పెనవేసుకుని ఆడతాయని గమనించారు. ఆడది పెట్టిన గుడ్లను మగది తన సంచిలో మోస్తుంది, పిల్లల్ని కనేదీ అదే. అలాంటి జంటలో ఒకటి వలకు పోతే రెండోది మళ్లీ జతకట్టడానికి చాలాకాలం పడుతుంది. వల విప్పాక కుప్పలో కనిపించే చచ్చిన ప్రాణుల లెక్క ఒకటైతే, అసలు నష్టం అంతకన్నా ఎక్కువన్నమాట.

చైనా సంప్రదాయ వైద్యం కోసం ఎండు సీహార్స్‌ల వ్యాపారం ఎంత పెద్దదో బయటపెట్టి, 1996లో ఆమె ప్రాజెక్ట్ సీహార్స్ అనే సంరక్షణ సంస్థను మరొకరితో కలిసి స్థాపించారు. ముప్పున్న జీవుల వ్యాపారంపై దేశాలు కుదుర్చుకున్న సైటీస్ ఒప్పందం కింద, వాటి అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించాలని 2002లో నిర్ణయించారు. 2020లో ఆమెకు వన్యప్రాణి సంరక్షణకిచ్చే ఇండియానాపొలిస్ బహుమతి వచ్చింది. నాకు వీటన్నిటికన్నా గొప్పగా తోచేది ఇంకోటి: వ్యాపారం మీద ఇంత పోరాడిన మనిషి, అసలు ముప్పు అడుగు ఊడ్చే వలల నుంచేనని గట్టిగా చెబుతున్నారు. 21 దేశాల్లో ఏటా సుమారు 3.7 కోట్ల సీహార్స్‌లు ఇలా వేరేవాటి కోసం వేసిన వలల్లో పడుతున్నాయని ఆమె బృందం అంచనా.

చెన్నై కాసిమేడు రేవు బోట్లలో శ్రీకాకుళం, నెల్లూరు నుంచి వచ్చిన మన కళాసీలు ఎందరో పనిచేస్తున్నారు. పెద్ద చేపలు, రొయ్యలు ఏరాక మిగిలే చెత్తచేప దాణా మిల్లులకు పోతుంది. అందులో సీహార్స్ ఉందో లేదో వెతికే తీరిక కూలీకి ఎక్కడిది? వెతికి తీసినా, గంటల తరబడి వలలో నలిగింది బతకదు. అతని మీద కేసు పెడితే భయంతో నోరు మూసుకుంటాడు. పరిశోధకులకు అందే కాస్త సమాచారమూ ఆగిపోతుంది.

తీరానికి దగ్గర్లో ట్రాలింగ్ చేయరాదని తమిళనాడులో నిబంధన ఉంది. సీహార్స్ తోకచుట్టి నిలబడే సముద్రపు గడ్డి ఎక్కువగా ఆ లోతులేని నీళ్లలోనే పెరుగుతుంది. అదే గడ్డి తిని బతికే సముద్రపు ఆవు (డుగాంగ్) కోసం 2022లో పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్లను సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ముందు ఈ రెండుచోట్లా ట్రాలర్లను నిజంగా ఆపాలి. వల మార్చుకునే బోటు యజమానికి అయ్యే ఖర్చును, ఆ మధ్యకాలంలో కళాసీ కోల్పోయే కూలీని ప్రభుత్వమే భరించాలి.