లాస్ట్ బెంచ్ లెక్క

మా ఎకనామిక్స్ సారు పాఠం మొదలెట్టకుండా జేబులోంచి ఐదొందల నోటు తీసి టేబుల్ మీద పెట్టేసరికి క్లాసంతా నిటారుగా కూర్చుంది. ఆట చిన్నదే. చీటీ మీద పేరు రాసి, 0 నుంచి 100 లోపు ఒక నంబర్ వేయాలి. అన్నిటికీ సరాసరి కట్టి, అందులో మూడింట రెండు వంతులు తీస్తే వచ్చేదానికి ఎవరి నంబర్ దగ్గరగా ఉంటే నోటు వాళ్లది. పది నిమిషాలు టైమ్.

మా టాపర్‌కి ఒక్క నిమిషం చాలింది. అందరూ వందే వేసినా జవాబు 67 దాటదు, కాబట్టి బుర్రున్నవాడెవడూ అంతకంటే పైన వేయడు. ఆ సంగతి అందరికీ తెలుసు గనక 45 పైనా వేయడు. ఆ తర్వాత 30, 20, 13... అలా మెట్లు దిగి దిగి సున్నా దగ్గర ఆగాడు. దాన్ని కూడా ఎవరూ కాపీ కొట్టకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని మరీ రాశాడు.

లాస్ట్ బెంచ్‌లో మాత్రం మహాసభ జరుగుతోంది. పదిమంది. అధ్యక్షుడు బాబాయ్. వాడు ఎవరికీ బాబాయ్ కాదు, అయినా అందరికీ బాబాయే. "మిగతావాళ్లు ఎటూ ముప్పై చుట్టూ తిరుగుతారు. మీరు తొమ్మిదిమందీ వంద వేయండి, సరాసరి లేస్తుంది. నేను 31 వేస్తా. రాత్రికి బిర్యానీ." అందరూ చేతిలో చెయ్యేసి ఒట్టేశారు.

చీటీలు కూడే పని నాకు పడింది. మొత్తం 1212. నలభై చీటీలకు సరాసరి 30.3, అందులో మూడింట రెండు వంతులు 20.2. బాబాయ్ మొహం మాడిపోయింది. "వందలు ఏమయ్యాయి రా?" అని వచ్చి చీటీలు తిరగేశాడు. తొమ్మిదిమందిలో ఎనిమిది మంది 31 వేశారు! ఎలాగూ మిగతావాళ్లు వంద వేస్తున్నారు కదా, నేనొక్కణ్ణి వేయకపోతే ఏమవుతుందిలే అని ఎవడికి వాడు అనుకున్నాడు. ఒట్టు నిలబెట్టుకున్నది ఒక్కడే, పాపం, మొన్ననే హాస్టల్లో చేరినవాడు. "మీరంతా వంద వేశారు కదన్నా?" అని ఒక్కొక్కడి మొహం చూస్తుంటే ఎవడూ వాడి కళ్లలోకి చూడలేదు.

ఈ గోలలోనే సారు షేర్ మార్కెట్ గురించి చెబుతున్నారు. షేర్లు కొనడం అందాల పోటీలో గెలిచేదెవరో ఊహించడం లాంటిది; ఎవరు అందంగా ఉన్నారన్నది కాదు, ఎవరు అందంగా ఉన్నారని జనం అనుకుంటారో పట్టుకోవడమే మార్కెట్ అని 1936లోనే ఆర్థికవేత్త కీన్స్ రాశాడట. 2005లో డెన్మార్క్‌లో ఒక పత్రిక ఇదే ఆట పెడితే 19,196 మంది ఆడారట, గెలుపు నంబర్ 21.6. "మనమూ డెన్మార్క్ లెవెల్లోనే ఉన్నాం" అని సారు మురిసిపోయారు. టాపర్ లేచి సున్నాయే కరెక్ట్ అని వాదించాడు. "నీ లెక్క కరెక్టే నాయనా, క్లాసే నీలా లేదు" అన్నారు సారు.

ఇంతకీ గెలిచిన చీటీలో నంబర్ 20. సారు పేరు చదివి "రా, తీసుకో" అన్నారు.

"ప్రెజెంట్ సార్" అని మూడో వరుసలోంచి ఒక బొంగురు గొంతు. అలవాటులో నోరు జారింది.

క్లాసులో ఉన్నది 39 మంది. అసలు విజేత రూములో నిద్రపోతున్నాడు. రూమ్మేట్ లేటుగా వచ్చి, చీటీలు అటెండెన్స్ కోసమనుకుని వాడి పేరూ, రోల్ నంబరూ రాసి ఇచ్చేశాడు. తన చీటీ మీద తన రోల్ నంబర్ 21 వేశాడు. అంటే తను వేసిన ప్రాక్సీ చేతిలోనే తను ఓడిపోయాడన్నమాట. ప్రాక్సీ లేకుండా ఉంటే ఐదొందలూ వాడివే!

సారు నోటు మడిచి జేబులో పెట్టుకుని, ఇద్దరికీ ఆబ్సెంట్ వేశారు.

సాయంత్రానికి వార్త హాస్టల్‌కి చేరింది. నిద్ర లేచినవాడు మొహమైనా కడుక్కోకుండా రూమ్మేట్ మీద పడ్డాడు. "మామా, నేను గెలిచానంట కదా. ఐదొందలు నువ్విస్తావా, బాబాయ్‌ని అడగమంటావా?"