చవక విల్లయితే ఏంటంట?

ఆదివారం పొద్దున్నే గ్రౌండ్‌కి వెళ్లి బ్యాగ్ జిప్ తీశానో లేదో పక్కనున్నాయన నా చెక్క విల్లు చూసి "ఇంకా దీంతోనేనా బాబూ" అన్నాడు, గుడ్ మార్నింగ్ కూడా లేదు, డైరెక్ట్‌గా అదే. ఆయనది రెండు లక్షల పైచిలుకు సెట్టు, కార్బన్ లింబ్స్ (అంటే విల్లుకి పైనా కిందా వంగే బద్దలు), గురి చూసే సైటు, విల్లు ఊగకుండా ఉంచే స్టెబిలైజరు అన్నీ ఉన్నాయి, సంతోషం, కానీ నా లింబ్ మీద గోటితో టకటకా కొట్టి నవ్వడం దేనికి? నాది పన్నెండు వేలు, అదీ సెకండ్ హ్యాండ్, గ్రిప్పుకి సైకిల్ హ్యాండిల్ టేపు చుట్టుకున్నా. మన దేశంలో ఇండియన్ రౌండ్ అని వెదురు, చెక్క విల్లులతో 30, 50 మీటర్లు కొట్టే విభాగమే ఉంది, మన స్టార్ ఆర్చర్ దీపికా కుమారి చిన్నప్పుడు ఇంట్లో చేసిన వెదురు విల్లుతోనే ప్రాక్టీస్ చేసింది, మరి ఆవిడ్ని కూడా ఇలాగే అడుగుతారా? 70 మీటర్ల దూరంలో పెట్టే 122 సెంటీమీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల రింగు 12.2 సెంటీమీటర్లే, వదిలేటప్పుడు వేళ్లు గుంజితే ఎంత ఖరీదు విల్లయినా బాణం పక్కకే పోద్ది. పోయింది కూడా. ఆయన బాణాలు రెండు గడ్డిలో దూరిపోతే అరగంట వంగి వెతికింది నేనే, ఒక థాంక్స్ అన్నా లేదు.