రిలీజ్ ఆర్డర్ గారికి, ఒక ‘హ’ గురించి

మహారాజశ్రీ రిలీజ్ ఆర్డర్ గారి దివ్యసముఖానికి,

ఖైదీని వదలమని కోర్టు జైలుకు రాసే కాగితమైన తమరికి కర్నూలు నుంచి నమస్కారాలు. పోయిన బుధవారం మా చిన్నాయన కొడుక్కి జామీను దొరికింది. గట్టు తగాదా కేసు. కోర్టు మెట్లు దిగుతూనే పిన్నమ్మకు ఫోన్ చేసి, రాత్రికి వాడికి కూడా అన్నం వండమన్నాను. బుద్ధి తక్కువై.

పూచీ ఉండే సూరిటీలను వెతకడానికి రెండు రోజులు పట్టింది. పొలం పాస్‌బుక్కున్న మనిషి కోర్టు పేరెత్తితే ఎట్లా మాయమవుతాడో తమరికి తెలియంది కాదు. శుక్రవారం సాయంత్రం తమరు జైలుకు వేంచేసేసరికి లోపల లెక్క తీసుకుని తాళాలేసేశారట. తెల్లారి రమ్మన్నారు. తెల్లారి పోతే, తండ్రి పేరు తప్పు.

తమరిలో హుస్సేనప్ప. వాళ్ల రిజిస్టర్లో ఉస్సేనప్ప.

అయ్యా, పీర్లకు మొక్కుకుని పెట్టుకునే పేరది. మా పక్క ఆ ‘హ’ను పలికినవాణ్ణి నేను పుట్టి చూడలేదు. రాయడమంటారా, బళ్లో చేర్చుకున్న అయ్యవారి ఇష్టం. మనిషి వాడే, ఫొటో వాడిదే, కేసు నంబరు అదే. అయినా కోర్టులో సరిచేయించుకుని రమ్మన్నారు. ఆ రోజు రెండో శనివారం. మర్నాడు ఆదివారం. కోర్టుకు సెలవు, మావాడికి లేదు.

2021లో ఆగ్రా జైల్లో బెయిలొచ్చినవాళ్లను, ఉత్తర్వు కాగితం అందలేదని వదల్లేదని తెలిసి, అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు ఈ కాలంలోనూ ఉత్తర్వుల కోసం పావురాల వైపు చూస్తున్నామన్నారు. పావురమే నయమండీ. తండ్రి పేరు అడగదు.

ఒక్కటి మాత్రం మింగుడుపడటం లేదు. వాణ్ణి పట్టుకుపోయిన రాత్రి వీధిలో నిలబడి ‘ఉస్సేనప్ప కొడుకెవడ్రా’ అని అరిచారు. వీడు లేచి పోయాడు. ‘హ’ ఉందా లేదా చూసుకుని రేపొస్తామని ఒక్కడూ వెనక్కి తిరగలేదే! లోపలికి పోవడానికి అడ్డురాని అక్షరం బయటికి రావడానికి ఎందుకు అడ్డమొచ్చింది? చెప్పు. ఎర్రటి ఎండలో జైలు గేటు ముందు మా పిన్నమ్మ టిఫిన్ క్యారియర్ పట్టుకుని కూర్చుంటే నువ్వు ఫైల్లో చల్లగా పడుకున్నావు. సిగ్గుందా నీకు?

గాజియాబాద్‌లో ఒకాయనకు సాక్షాత్తు సుప్రీంకోర్టే బెయిలిచ్చింది. సెక్షన్ పక్కన చిన్న క్లాజు రాయలేదని 28 రోజులు వదల్లేదు. 2025 జూన్‌లో అదే కోర్టు 5 లక్షల పరిహారం ఇవ్వమంది. రోజుకు పదిహేడు వేల చిల్లర. ఆ లెక్కన మావాడు ఉల్లిగడ్డల మూటలు మోయడం మానేసి లోపలే ఉండొచ్చు.

బెయిలొచ్చి ఏడు రోజులైనా వదలకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చెప్పాలని 2023లో సుప్రీంకోర్టు అంది. మావాడు ఆరోరోజే వచ్చేశాడు. అంటే రూలు ప్రకారం ఆలస్యమే కాలేదు.

కోపంలో ఏకవచనం వాడాను, మన్నించాలి. మంగళవారం సాయంత్రం సవరించిన కాగితం తెచ్చాం. ‘హ’ తీసేశారు. ఈసారి ఊరి పేరులో దీర్ఘం ఎగిరిపోయింది. నేను చూశాను. ప్లీడరు గుమాస్తా కూడా చూశాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని, గేటు తెరిచేదాకా కిక్కురుమనలేదు.

ఇట్లు,
తమ విధేయుడు
(పేరు రాయడం లేదు. రిజిస్టర్లో ఎట్లా ఉందో ఏమో.)