ఏటేటా ఖర్చయిపోయే గ్యాసు

విశాఖపట్నంలో వేసవి వచ్చిందని చెప్పడానికి వాతావరణ కేంద్రం అక్కర లేదు. ఎంవీపీ కాలనీ వీధుల్లో బండి వెనుక సిలిండరు కట్టుకున్న ఏసీ మెకానిక్కులు కనబడితే చాలు. వారి రోగనిర్ధారణ శక్తి అమోఘం, ఏసీ మూత తీయకముందే, మెట్లెక్కుతూనే చెప్పేస్తారు: "గ్యాసు అయిపోయిందండి."

భౌతికశాస్త్రం మాత్రం ఈ విషయంలో వెనుకబడి ఉంది. గదిలోని కాయిలులో ద్రవంగా ఉన్న గ్యాసు మరిగి వేడిని పీల్చుకుంటుందనీ, కంప్రెసరు దాన్ని నొక్కి బయటి యూనిట్‌కు తోస్తే అక్కడ ఆ వేడిని వదిలి మళ్లీ ద్రవమవుతుందనీ, మూసి ఉన్న రాగి గొట్టాల్లో ఆ గ్యాసే ఏళ్ల తరబడి తిరుగుతుందనీ, అది తగ్గిందంటే ఎక్కడో కారిందనే అర్థమనీ అది ఇంకా మొండిగా వాదిస్తోంది. సముద్రపు ఉప్పుగాలి బయటి యూనిట్‌లోని కండెన్సరు రేకులనూ కాయిలునూ తినేసే ఈ ఊళ్లో లీకు అనుమానం మొదట రావలసింది. కానీ లీకు కనిపెట్టి మూసేస్తే వచ్చే ఏడు పిలుపు రాదు కదా.

మొన్న మా ఇంట గ్యాసు నింపే ఉత్సవం కన్నులపండువగా జరిగింది. బయటి యూనిట్ మీది చీటీలో పట్టాల్సిన గ్యాసు రకం ఆర్-32 అని, ఎన్ని గ్రాములు పట్టాలో కూడా రాసి ఉంది. మెకానిక్కు తెచ్చిన సిలిండరు ఆర్-22 అనే వేరే రకానిది. అడిగితే, "ఏ గ్యాసైనా చల్లబరచడమే కదండీ" అన్నారు. రెండింటి పీడనాలు వేరు, కంప్రెసరుకు కావలసిన నూనె వేరు అన్నది ఆయన దృష్టిలో చాదస్తం. తూకం వేయరా అంటే, "అనుభవం ఉందండి" అని గొట్టం పట్టుకొని చూశారు. తరువాత నన్ను పట్టుకోమన్నారు, మా ఆవిడను పిలిచారు; చివరికి పక్క వాటా మామ్మగారు కూడా వచ్చి తాకి, "చల్లగానే ఉంది నాయనా" అని ధ్రువీకరించారు. గొట్టాల్లోని గాలినీ తేమనూ లాగేసే వాక్యూమ్ పంపు కొట్లో ఉండిపోయిందట. గొట్టాల్లో మిగిలిన గాలి పీడనం పెంచుతుందనీ, తేమ నూనెతో కలిసి ఆమ్లంగా మారి కంప్రెసరును తినేస్తుందనీ అంటే, ఆయన నా వైపు జాలిగా చూశారు. పాత గ్యాసును మాత్రం బుస్సుమని ఆకాశార్పణం చేశారు. భూమిని వేడెక్కించడంలో ఆర్-32 కార్బన్ డయాక్సైడుకు 675 రెట్లు. ఇలాంటి వాయువులను తగ్గించాలని 2016లో రువాండాలోని కిగాలీలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి, 2021లో మన దేశమూ ఆమోదించింది. ఆ సభకు మా మెకానిక్కును పిలవకపోవడం లోపమే.

ఇంతసేపూ ఆయన సహాయకుడు మూడో అంతస్తు సన్‌షేడు మీద, నడుముకు తాడైనా లేకుండా, ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకొని నట్లు విప్పుతున్నాడు. మీసాలు కూడా సరిగా రాలేదు. ఆర్-32 మండుతుందని ఆ కుర్రవాడికి ఎవరైనా చెప్పారా? గ్యాసు ఉన్న గొట్టానికి అతుకు వేసే మంట పెడితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు పుడుతుందని? నైట్రోజన్ తేవడానికి బద్ధకించి ఆక్సిజన్ సిలిండరుతో లీకు పరీక్ష చేస్తే, అది నూనెతో కలిసి కంప్రెసరు బాంబులా పేలుతుందని? ఎవరూ చెప్పరు. ఒక రోజైనా శిక్షణ ఇవ్వకుండా, బెల్టు కొనివ్వకుండా, ఒక స్పానరు చేతికిచ్చి పిల్లలను సన్‌షేడ్లెక్కించే యజమానికి సిగ్గు లేదు. పేలినా, పడినా, పోయేది అతని ప్రాణం కాదు కదా.

మనమేమైనా తక్కువా? నైట్రోజన్ నింపి, అతుకులకు సబ్బునీళ్లు పూసి బుడగల కోసం చూస్తాననే పనివాడు వస్తే, "అంతసేపెందుకు, గ్యాసు పెట్టి వెళ్లు" అంటాం. ఆ కుర్రవాడు ఇంకా సన్‌షేడు మీద ఉండగానే, కింద నిలబడి రెండు వందల కోసం బేరమాడతాం.